తలతిప్పుడు కంపౌండరు

ఈ మధ్య సెలూన్లలో ఒక దురలవాటు మొదలైంది. క్షవరానికని కూర్చున్నవాణ్ణి, మాటా పలుకూ లేకుండా, కుర్చీ పక్కన మీటేదో నొక్కి వెల్లకిలా పడేస్తున్నారు. తల కడుగుతారట. నేను కడగమనలేదు. ఇంట్లో కడుక్కునే వచ్చాను. మొన్న విజయనగరంలో ఒకాయన ఇలాగే నా తలను సింకు అంచు మీంచి వేలాడదీసి, కుడివైపుకు తిప్పి, "కళ్ళు మూసుకోండి సార్" అన్నాడు.

"మూసుకోను" అన్నాను.

"నురగ పడుద్ది సార్."

"పడనీ."

పడింది. తల వేలాడదీసినప్పుడు కళ్ళు మూసుకోకూడదని నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ సమయంలో నా కళ్ళల్లో నీళ్ళకు షాంపూ తప్ప వేరే కారణం లేదని మనవి.

తొంభైల చివర్లో నేను బొర్రాకీ అరకుకీ మధ్య, చిన్న స్టేషనున్న ఒక ఊళ్ళో, ఆశ్రమ పాఠశాలలో సైన్సు మాస్టారుగా ఉండేవాణ్ణి. ఆయన మిషను ఆసుపత్రిలో కంపౌండరుగా చేసి రిటైరై, భార్య పోయాక, పట్టాల అవతల చర్చి పక్కన రెండు గదుల ఇంట్లో ఒక్కడూ ఉండేవాడు. ఎదురుగా అందరూ కంపౌండరు గారనేవారు. పక్కకి వెళ్ళాక తలతిప్పుడు కంపౌండరనేవారు. అసలు పేరు నేనిక్కడ రాయను. రాస్తే, ఎందుకు రాశానా అని ఎక్కడున్నా అనుమానిస్తాడు.

అనుమానం ఆయనకు వ్యసనం కాదు, వ్యాయామం. అగ్గిపెట్టె కొంటే చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వినేవాడు. సంతలో తేనె కొంటే చుక్క తీసి పేపరు మీద వేసి, అక్షరం చెదిరిందా లేదా అని చూసేవాడు. అరకు అని బోర్డున్న బస్సు ఎక్కేముందు, అది అరకు వెళ్తుందా అని డ్రైవరునడిగేవాడు, కండక్టరునడిగేవాడు, కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మనడిగేవాడు. ఏ విషయమైనా మూడుసార్లు అడగనిదే ఆయనకు కుదిరేది కాదు. ముగ్గురూ ఒకే జవాబు చెబితే, ముగ్గురూ కూడబలుక్కున్నారేమోనని ఇంకో అనుమానం.

ఒకసారి చర్చిలో ప్రార్థన మధ్యలో ఎవరో కళ్ళు తెరిచారని పాస్టరు గారికి ఫిర్యాదు చేశాడట. "మీరెలా చూశారు?" అని ఆయనడిగితే, "నావి తెరిసే ఉన్నాయి గదా" అన్నాడట.

ఎక్కువ అనుమానం రోగుల మీద. నలభై ఏళ్ళు మిక్చరు పోసి పోసి, మనిషి నోటి మీద ఆయనకు పూర్తిగా నమ్మకం పోయింది. "నోరు మనిషిది, మేస్టారూ. ఏటి సెప్పమంటే అదే సెప్తాది. కన్ను అలాక్కాదు, మనిషి మాట ఇనదు" అనేవాడు. అందుకే కాబోలు, కంటిని చూసి పట్టే జబ్బొకటి ఆయనకు దొరికింది.

పక్క మీద ఇటునుంచి అటు తిరిగితే, పైకి చూస్తే, కిందకి వంగితే ఇల్లంతా గిర్రున తిరుగుతుంది కొందరికి. కదలకుండా కూర్చుంటే అర నిమిషంలో సర్దుకుంటుంది. ఆయన ఉద్యోగం చివరి రోజుల్లో చెవి డాక్టరొకాయన వచ్చి ఆసుపత్రిలో వారం రోజులున్నాడట. ఇలాంటి మనిషి తల పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఐదు నిమిషాల్లో నయం చేశాడట. ఈయన నమ్మలేదు. ఆ రోగి డాక్టరుకు చుట్టమేమోనని వాకబు చేశాడు. మర్నాడు డాక్టరు ఈయన భార్యకే అదే వైద్యం చేసి నయం చేశాక నమ్మాడు. అదీ సగం. మిగతా సగం నమ్మకం కోసమే, రిటైరయ్యాక ఏళ్ళ తరబడి జనం తలలు తిప్పుతూ వచ్చాడని నా అభిప్రాయం.

మాత్ర లేదు, సూది లేదు. ఇదేం వైద్యమని మా ఊళ్ళో అందరికీ సందేహమే. చర్చివాళ్ళకేమో ప్రార్థన చెయ్యకుండా నయం చేస్తున్నాడని సందేహం. "సెవి సేసినాయనకి సెవి గురించి నాను సెప్పాలేటి?" అనేవాడు. నా సందేహం మాత్రం శాస్త్రీయమైనది, అంటే మిగతావాటికంటే మొండిది. జబ్బుకి కారణం అడిగితే ఆయన చెప్పిందిది: "సెవి లోపల సున్నపు రవ్వలుంటాయి మేస్టారూ. బొర్రా గుహల్లో ఉన్న సున్నమే. ఆ రవ్వలు సోటు తప్పి, పక్కనున్న సన్న గొట్టంలోకి జారిపోతే తల తిరుగుతాది. తలని ఒక వరసలో తిప్పితే రవ్వ దొర్లుకుంటా మళ్ళీ దాని సోటికి ఎళ్ళిపోతాది."

నేను బీయస్సీ, బీఈడీ. చాలాసేపు నవ్వాను. ఆ దసరా సెలవుల్లో విశాఖపట్నంలో ఒక లైబ్రరీకి వెళ్ళి, దిండంత పుస్తకం తీసి చూశాను. చెవిలో రవ్వలున్నాయి. అవి బొర్రాలో ఉన్న సున్నమే. పుస్తకం మూసేసి, రాసినాయన పేరు వైపు అనుమానంగా చూశాను.

ఇక కీమాను సంగతి. రైలు పట్టాల మీద రోజూ కొన్ని మైళ్ళు నడిచి, వదులైన బిగింపుల్ని సుత్తితో కొట్టి సరిచేసే ఉద్యోగిని కీమాను అంటారు. మా స్టేషను కీమానుది పాచిపెంట దగ్గర ఊరు. రైల్వే క్వార్టర్లో భార్యతో ఉండేవాడు. నాతో పేకాడేవాడు. అతని నడకలో ఒక బ్రిడ్జి ఉంది. రెండు కొండల మధ్య, చాలా కింద రాళ్ళ మీంచి పారే గెడ్డ. చేత్తో పట్టుకోవడానికి పక్కన ఏమీ ఉండదు. అతని పనల్లా రెండే: కిందకి వంగి బోల్టు చూడడం, పైకి తలెత్తి కొండ మీద రాయి కదిలిందేమో చూడడం. ఈ జబ్బుకి పనికిరానివీ ఆ రెండే.

ఒకరోజు స్కూలుకొచ్చి, గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"మేస్టారూ, తెల్లారగట్ల పక్కకి తిరిగి తొంగుంటే ఇంటి పెంకులన్నీ గిర్రున తిరిగిపోతన్నాయి. లెగిసి కూకుంటే బాగానే ఉంటాది. నిన్న బ్రిడ్జీ మీద సుత్తి కొడదామని వంగినాను. కింద గెడ్డ పైకొచ్చీసింది."

"రైల్వే డాక్టరుకు చెప్పావా?"

"సెప్తే కాయితం మీద రాసీత్తాడు. రాత్తే నన్ను లైను మీంచి దించీసి, ఏ కొత్తవలసలోనో ఫైళ్ళు మొయ్యమంతారు. ఇరవై యేళ్ళు బట్టీ ఆ బ్రిడ్జీ నాది మేస్టారూ."

"చెప్పకపోతే?"

"సెప్పకపోతే గెడ్డలోకి ఎల్తాను. ఎలాగైనా కిందికే గదా."

కంపౌండరు గారి మాట ఎత్తాను. అతను ఒప్పుకున్నాడు. అతని భార్య ఒప్పుకోలేదు.

"ఆయన బాప్తీసం ఇచ్చీత్తాడంట మేస్టారూ! మనిసిని ఎల్లకిలా వాల్చీసి తల పట్టుకుంతాడంట."

"నీళ్ళు లేకుండా బాప్తీసం ఏమిటమ్మా?"

"నీళ్ళు తరవాత పోత్తాడేమో. ఎవుడికి తెలుసు?"

చివరికి ఒక షరతు మీద దిగింది. తల తిప్పుతున్నంతసేపూ కంపౌండరు నోరు మెదపకూడదు. మంత్రం లాంటిది ఏదీ పెదవి దాటకూడదు. తను దగ్గర కూర్చుని చూస్తుంది. ఈ షరతు సంగతి భయపడుతూ ఆయనకు చెప్పాను. ఆయన మొహం విప్పారింది. "తెలివైన మనిసి" అన్నాడు.

అయితే ఇబ్బంది ఇంకొకటుంది. ఆయన రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేయించుకోడు. ఎన్నో కంటి క్యాంపుల్లో స్వయంగా కత్తులు ఉడకబెట్టి అందించినవాడు, కాబట్టే చేయించుకోడు. మనిషి ఆకారం కనిపించేది కానీ, కనుగుడ్డు కదలిక కనిపించేది కాదు. "నువ్వు సూసి సెప్పాలి మేస్టారూ. తల వాల్చినాక రెండు మూడు క్షణాలు ఏమీ ఉండదు. తరవాత నల్లగుడ్డు నేల వైపుకి కొట్టుకుంటాది. ఆగేదాకా ఉన్నది ఉన్నట్టు సెప్పు. జోకులొద్దు." 

కాబట్టి ఆ ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక, మాట నాది, చూపు నాది, చేతులు మాత్రం ఆయనవి. వైద్యం ఎవరిదో తేల్చడం కష్టం.

నులక మంచం మీద కీమానును కాళ్ళు చాపి కూర్చోబెట్టారు. భార్య తల వైపు పీట వేసుకుని, కంపౌండరు పెదవుల మీద చూపు పెట్టి కూర్చుంది. మొగుడి మొహం వైపు చూస్తే ఒట్టు. ఆయన కీమాను తలను కుడికి తిప్పి, ఒక్క ఊపున వెనక్కి వాల్చి, మంచం అంచు మీంచి వేలాడదీశాడు. నేను టార్చి వేసి చూశాను. నల్లగుడ్లు, ఒకే అంకె దగ్గర చిక్కుకుపోయిన గడియారం ముల్లులా, టకటక కొట్టుకోవడం మొదలెట్టాయి.

"ఓలమ్మో, ఎళ్ళిపోతన్నాను!" అన్నాడు కీమాను, మంచం పట్టెలు పట్టుకుని.

"కొట్టుకుంటున్నాయి... ఇంకా... తగ్గాయి... ఆగాయి" అన్నాను. ఆయన తలను మెల్లగా ఎడమకు తిప్పాడు. కాసేపాగి, ఇప్పుడు ఒళ్ళు కూడా ఎడమవైపుకే దొర్లాలని నాకు వేలితో సైగ చేశాడు. కళ్ళు ఆగాయి కదా అని నేను, చెప్పులు తల వైపే వదిలేసి, మంచం కాళ్ళ వైపుకు వచ్చి కీమానుకు ఎదురుగా నిలబడి ఉన్నాను. అతని ఎడమ నాకు కుడి. ఇన్నేళ్ళు పిల్లలకు ఎదురుగా నిలబడి పాఠం చెప్పిన అనుభవంతో, స్పష్టంగా, "కుడివైపుకు దొర్లు" అన్నాను.

రైల్వేవాడు. సిగ్నలిస్తే ఆగడు. తల ఎడమకు, ఒళ్ళు కుడికి. తరవాత జరిగింది చాలావరకు నా చెప్పుల మీద జరిగింది.

కంపౌండరు గారు నోరు తెరవకూడదు. తెరవలేదు. నా వైపు చూశాడు. శుక్లాల వెనకనుంచి కూడా ఒక మనిషిని అంత స్పష్టంగా తిట్టవచ్చని నాకప్పుడే తెలిసింది.

"ఓలమ్మ ఓలమ్మ, సంపీత్తన్నారు!" అని లేచింది కీమాను భార్య. "బాబూ, నువ్వే మాటాడు! ఏ దేవుడి మాటైనా పర్లేదు, మాటాడు! ఈ మేస్టారి నోరు ముయ్యించు!"

ఆయన గొంతు సవరించుకుని మొదటి మాటగా అన్నది: "అమ్మా, ఈయన దగ్గర సదివే గుంటలకి కుడిసెయ్యేదో తెలుస్తాదంటావా?"

అరగంట ఆగి మళ్ళీ చేశాడు, ఈసారి మాట కూడా తనదే. వాల్చాడు, తిప్పాడు, ముక్కు నేలకి ఆనేంత పక్కకు దొర్లించాడు, లేపి కూర్చోబెట్టి తల వంచి పట్టుకున్నాడు. కీమాను కళ్ళు తుడుచుకుని, "తగ్గిపోనాది బాబూ" అన్నాడు.

"ఉద్యోగం కోసం సెప్తన్నావు."

"నిజింగానే బాబూ!"

"ఈ ఆదోరం నుంచి వచ్చే ఆదోరం దాకా లైను మీదకి ఎళ్ళకు. మూడు రోజులు గోడకి ఆనుకుని తొంగో. వచ్చే ఆదోరం మళ్ళీ వాల్చి సూత్తాను. కళ్ళు ఆడకపోతే నీ బ్రిడ్జీ నీది. ఆడితే, నాను సొయంగా ఎళ్ళి రైల్వే డాక్టరుకి సెప్తాను."

"ఇదేటి బాబూ, రోగం నాదా నీదా?"

"నీకు ఉద్యోగం పోతాదని బయ్యం. నాకు నువ్వు పోతావని బయ్యం. నాదే పెద్దది" అన్నాడు.

కీమాను సెలవు పెట్టాడు. కారణం మేనకోడలి పెళ్ళి అని రాశాడు. దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఆ మేనకోడలికి అప్పటికి ఆరేళ్ళు. తప్పుడు పనుల్లో నా చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా వస్తుంది.

ఆ తరవాతి ఆదివారం మళ్ళీ అదే మంచం, అదే పీట, అదే టార్చి. వాల్చాడు. నేను చూశాను. ఐదు క్షణాలు, పది క్షణాలు. కళ్ళు నిలకడగా ఉన్నాయి. నేను ఊపిరి వదిలేలోపు, చిన్నగా, రెండు మూడుసార్లు అదిరాయి. ఆగాయి. దీపం మీద పురుగు వాలి లేచినంతసేపు. టార్చి నా చేతిలోనే వణికిందేమో కూడా.

కీమాను తలకిందులుగా నావైపు చూస్తున్నాడు. బతిమాలే చూపు కాదు, బెదిరించే చూపూ కాదు. రైలు వస్తుందా రాదా అని చూసే చూపు. ముప్పైనాలుగు మార్కులొచ్చినవాడికి ముప్పైఐదు వేసిన చెయ్యి నాది.

"ఆడినాయా?" అన్నాడు కంపౌండరు.

"లేదు."

"కొద్దిగా కూడా?"

"కొద్దిగా కూడా లేదు."

కీమాను భార్య సంగతేమిటని ఓరగా చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎప్పట్లాగే కంపౌండరు మొహం వైపే చూస్తున్నట్టుంది. కంపౌండరు గారు కీమాను తలను రెండు చేతులా పట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని మొత్తం వరసంతా ఇంకోసారి తిప్పి, లేపి కూర్చోబెట్టి, "ఎళ్ళు" అన్నాడు. అంతే. మూడోసారి అడగలేదు. అగ్గిపెట్టెని కూడా మూడుసార్లు ఆడించే మనిషి.

సోమవారం నుంచి కీమాను డ్యూటీకి ఎక్కాడు. సోమవారం నుంచే కంపౌండరు గారు కూడా ఎక్కాడు. పొద్దున్నే గొడుగూ చేతికర్రా పట్టుకుని, పట్టాల పక్క కాలిబాట మీద, కీమాను వెనక రెండు స్తంభాల దూరంలో నడిచేవాడు. అతను ఆగితే ఈయనాగేవాడు.

"పోలీసోడిలాగ ఎంటబడతన్నాడు మేస్టారూ. ఏటైనా సెప్పండి. లైను గ్యాంగోళ్ళు నవ్వుతన్నారు" అన్నాడు కీమాను.

నేను చెప్పడానికని ఒకరోజు వెళ్ళాను. వాన సన్నగా పడుతోంది. ఆయన బ్రిడ్జి ఇవతల రాతి దిమ్మ మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. కీమాను బ్రిడ్జి మీద సగంలో ఉన్నాడు, మంచులో మసకగా. నాకే సరిగ్గా కనబడడం లేదు.

"ఏం చేస్తున్నారు కంపౌండరు గారూ?"

"నడక. ఒంటికి మంచిది."

"డాక్టరు చెప్పాడా?"

"నానే సెప్పుకున్నాను."

"ఇక్కణ్ణుంచి మీకేం కనబడుతుంది?"

"ఏటీ కనపడదు. ఇనపడతాది." వేలెత్తి ఉండమన్నాడు. దూరంగా సుత్తి చప్పుడు. టంగ్. కొంచెం ఆగి, టంగ్. "ఆ సప్పుడున్నంతసేపూ ఆడు పైనున్నట్టే."

ఇద్దరం వింటూ కూర్చున్నాం. మధ్యలో ఒకసారి చప్పుడు ఆగింది. ఎంతసేపో చెప్పలేను, గడియారం చూసుకునే స్థితిలో లేను. ఆయన కర్ర ఊని సగం లేచాడు. గొడుగు పక్కకి ఒరిగి వానంతా ఆయన మీద పడుతోంది. మళ్ళీ టంగ్ మంది. కూర్చున్నాడు.

"కళ్ళు ఆడలేదని చెప్పాను కదండీ" అన్నాను.

"సెప్పినావు" అన్నాడు. "సూసింది నువ్వు. నాను సూడనేదు గదా."

ఆ వానకాలమంతా వెళ్ళాడు. కళ్ళు అదిరిన సంగతి చెప్పేద్దామని మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళాను. మూడుసార్లూ టీ తాగి వచ్చాను. టీ బాగుండేది. పాలు ఆయన వాసన చూసి, వేడి చేసి, మళ్ళీ వాసన చూసి పోసేవాడు. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా క్వార్టరుకు వచ్చి, అరకు నుంచి వెంటబెట్టుకొచ్చిన ఒక నర్సు చేత కీమాను కళ్ళు చూపించాడట. ఆమెను మూడుసార్లు అడిగాడట. ఆ మర్నాటినుంచి నడక మానేశాడు. నన్ను ఎందుకు పిలవలేదని నేనడగలేదు.

కీమాను పడలేదు. ఆ బ్రిడ్జి మీదే ఇంకా ఏడేళ్ళు సుత్తి కొట్టి, దండ వేయించుకుని రిటైరై, సొంతూరు వెళ్ళిపోయాడు. నాకూ బదిలీ అయింది. కంపౌండరు గారు శుక్లాలతోనే ఉండిపోయాడు. పోయాడని కబురొస్తే, పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళాను.

పాస్టరు గారు సమాధి దగ్గర, ఈయన గొప్ప విశ్వాసి అన్నారు. చాలామందికి ఒకేసారి దగ్గొచ్చింది. ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన మంచం అంచు మీంచి తలకిందులుగా వేలాడినవాళ్ళే.

కీమానూ భార్యా కూడా వచ్చారు. సాయంత్రం బండి కోసం ముగ్గురం స్టేషను బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి కీమాను లేచి, ప్లాట్‌ఫారం చివరకు వెళ్ళి, పట్టాల దగ్గర వంగి, తనది కాని బోల్టేదో చూడసాగాడు. వంగాడు, తలెత్తి కొండ వైపు చూశాడు, మళ్ళీ వంగాడు.

అతని భార్య అటే చూస్తూ, నావైపు తిరక్కుండానే అంది:

"ఆ ఆదోరం ఈయన కళ్ళు ఆడినాయి గదా మేస్టారూ. నానూ సూసినాను."